వెనక వరుస ఒరెగానో

నాలుగింటికి వస్తారట. ఇప్పుడు మూడు. ఈ గంటసేపూ నేను ఇంటి వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పిజ్జా మీద చల్లుకునే ఆకుకు కాపలా కాయాలి. పెర్కిట్ భూమేశ్వర్ అంటే ఎవరు? ముప్పై ఎనిమిదేళ్లుగా పసుపు తప్ప మరో పంటను పంట అనని మనిషి. దోసిట్లో కొమ్ములు పోస్తే ఏ ఊరి మట్టిలో పండాయో చెప్పగలిగిన మనిషి. ఆ మనిషి చేతిలో ఇవాళ కట్టె ఉంది, కోతులను తోలడానికి. కోతులైనా వస్తే కాస్త పరువు దక్కేది. ఏడు నెలల్లో ఒకే ఒక్క కోతి వచ్చింది, ఒక రెమ్మ తెంపి నోట్లో పెట్టుకుంది, ఉమ్మేసి గోడెక్కి కూర్చుని నా వైపు చూసింది, ఏం మనుషులు మీరు అన్నట్టు. మళ్లీ రాలేదు. ఆ కోతికున్న తెలివి మా ఇంట్లో లేదనుకున్నాను. దీక్షిత పోతూ పోతూ గేటు దగ్గర చెప్పుల పట్టీ పెట్టుకుంటూ చెప్పింది, "బాపూ, నీళ్లు పొయ్యకు. ఏం ముట్టకు. ఊకె కూసో." నా బిడ్డ నాకు చెబుతోంది, మట్టిని ముట్టకు అని. ముట్టకు అన్నప్పుడు నా ముఖంలోకి చూసిందా? చూడలేదు. వంగి ఉంది. చూసి ఉంటే నాకు తెలిసేది.

నాలుగు వరుసలు, వరుసకు ముప్పై. మోకాలెత్తు కూడా లేవు. చిటికెన వేలి గోరంత ఆకులు, నూగు నూగుగా, జ్వరం నుంచి లేచిన మనిషిలా నేలకు జారగిలపడి ఉంటాయి. పంట అంటే నిలబడాలి. మా పసుపు నడుము దాటి లేస్తుంది, చేనులో వంగితే మనిషి కనబడడు. ఇది పడుకుని పెరుగుతుంది. దీనికి పేడ పడదట. పేడ వేస్తే ఆకు పెద్దదై వాసన పోతుందట. నీళ్లు వారానికి ఒకసారి, అదీ దయతలిస్తే. మన చేను నుంచి తెచ్చి పోసిన మట్టి మరీ మెత్తన అని వాగు నుంచి ఇసుక, గులకరాళ్లు తెప్పించి కలిపింది. ముప్పై ఎనిమిదేళ్లు నేను చేనులో రాళ్లు ఏరి గట్టు మీద పోశాను, నా బిడ్డ ట్రాలీ మాట్లాడి మరీ రాళ్లు తెచ్చి మట్టిలో పోసింది. పూత రాకముందే కోయాలట. ఆరబెట్టడం ఎండలో కాదట, నీడలో, కట్టలు కట్టి తలకిందులుగా వేలాడదీయాలట. ఎద్దు ఈనిందంటే గాట కట్టేయమన్నట్టు, దీక్షిత చెప్పిన ప్రతిదానికీ వాళ్లమ్మ శంకరమ్మ తలూపింది. ఈ జాగా ఏ జాగా? పసుపు ఉడకబెట్టిన జాగా. పొయ్యి ఇక్కడే మండేది, పెద్ద కడాయి ఇక్కడే ఉండేది. ఇప్పుడు ఆవిరి యంత్రం ట్రాక్టర్ మీద చేనుకే వస్తోంది కాబట్టి జాగా ఖాళీ అయింది, ఖాళీ జాగా దీక్షిత కంటపడింది. ఇప్పుడు కూడా పక్క చేను నుంచి ఉడుకుతున్న పసుపు వాసన గోడ దాటి వస్తోంది. ఆ వాసన ముందు ఈ ఆకు ఎంత. నలిపి చూస్తే వామాకు వాసన, ఇంకాస్త ఘాటుగా. "వామాకు గోడ పక్కన ఊకెనే మొలుస్తది గద బిడ్డా" అన్నాను మొదటిరోజే. "అది వేరే, ఇది వేరే బాపూ" అంది. ఎంత వేరే అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

అసలు ఇది ఊరికే ఇచ్చే వస్తువు. పిజ్జా డబ్బా కొంటే అందులో రెండు పొట్లాలు పడేస్తారు, ఒకటి మిరప తునకలది, ఒకటి ఈ ఆకుది. మా ఫ్రిజ్ తలుపులో అలాంటివి పాతిక దాకా పోగుపడ్డాయి, పారేయడానికి మనసొప్పక శంకరమ్మ దాచింది, చింపడానికి ఎవరికీ మనసు రాలేదు. ఊరికే ఇచ్చేదాన్ని పండించి అమ్ముతానన్న మనిషిని ఏమనాలి? హోటల్ మేనేజ్‌మెంట్ చదివింది అది. వండడానికి కాలేజీ ఎందుకు, మీ అమ్మ ఏ కాలేజీలో చదివిందని అప్పుడే అన్నాను. ఆరేళ్లు హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్ వంటింట్లో నిలబడింది. కిందటి ఎండాకాలం ఒక సూట్‌కేసుతో, ప్లాస్టిక్ గ్లాసులో నాలుగు రెమ్మలతో ఆటో దిగింది. గ్లాసు ఒళ్లో పెట్టుకుని, నీళ్లు తొణకకుండా రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. ఉద్యోగం ఏమైందని వాళ్లమ్మ అడిగితే, "ఇగ ఒకరి వంటింట్ల చెయ్య, నాది నేను చేస్కుంట" అంది. ఆ నాలుగు రెమ్మలను తుంచి నాటి, నాటి తుంచి నూట ఇరవై చేసింది. ఒకరోజు మా ఇంటి సందు చివర లింగం టీ హోటల్లో, పది మంది ముందు, "ఒక్కలు, ఒక్కలంటే ఒక్కలు గిది కొంటమని మనింటికొస్తే, రోడ్డు పక్కన సగం ఎకరం నీకు రాసిస్త" అన్నాను. లింగం టీ వడపోస్తూ నవ్వాడు. అందరూ నవ్వారు. వాళ్లు నవ్వాలనే అన్నాను. దీక్షిత మాత్రం నవ్వకుండా, "మాట మీద నిలబడాలె బాపూ" అని టీ పార్శిల్ పట్టుకుని పోయింది. సగం ఎకరం నిజంగా ఇవ్వాల్సి వస్తుందని అక్కడ ఎవరనుకున్నారు.

ఇప్పుడా ఒక్కలు వస్తున్నారు. వస్తున్నది ఎవరయ్యా అంటే కరుణశ్రీ. నిజామాబాద్‌లో రెండు బేకరీలు పెట్టింది, పిజ్జాలు చేస్తుంది, బయట కొనే ఆకు దుమ్ములా ఉంటోందని దీక్షిత పెట్టిన ఫొటోలు చూసి ఫోన్ చేసింది. పంట నచ్చితే ఇక ఏడాది పొడుగునా తానే కొంటానంది. దీక్షిత ముందే పైసలు కట్టిన సంచులు తేవడానికి ఆర్మూర్ పోయింది, అటు నుంచి కరుణశ్రీ కారులోనే ఎక్కి వస్తుంది. ఎవరీ కరుణశ్రీ? మాక్లూర్ లిదియా బిడ్డ. లిదియా ఇరవై ఏళ్లు మా చేనులో కూలి చేసింది, కలుపు తీసింది, కొమ్ములు విరిచింది. కరుణశ్రీ చిన్నప్పుడు మా గట్టు మీద గోనెసంచి పరుచుకుని పడుకునేది. ఆ పిల్ల ఇప్పుడు కారు దిగి, నా పెరట్లో నిలబడి, నా బిడ్డ పంట పనికొస్తుందో లేదో చెబుతుంది. కాలం ఇట్లా వచ్చింది అని మావాళ్లు నిట్టూరుస్తారు. కాలానిదేముంది, దానికి సిగ్గా శరమా. కానీ నాకు గొంతులో అడ్డం పడుతున్నది అది కాదు. లిదియా బిడ్డ కాకుండా ఇంకెవరి బిడ్డయినా బాగుండేదనిపిస్తోంది, దానికి కారణం వేరే ఉంది.

పసుపు మనిషికి ఆకు మీద నమ్మకం ఉండదు. ఆకు ఎంత ఏపుగా లేచినా సంగతంతా కింద ఉంటుంది. అందుకే తవ్వకానికి ముందు చేను మూలన ఒక మొక్క పీకి చూస్తాం. మా నాయన చూసేవాడు, నేను చూస్తాను, ఈ చుట్టుపక్కల చూడని రైతు లేడు. విత్తనాల పంటలేసి, చూడవచ్చిన ఆఫీసర్ల పక్కన నిలబడి ఫొటోలు దిగే పక్క ఊరు అంకాపూర్ వాళ్లు కూడా, అంత తెలివిగలవాళ్లు కూడా, పసుపు దగ్గరికి వచ్చేసరికి పీకి చూడాల్సిందే. లిదియాకు పీకే అవసరం కూడా ఉండేది కాదు. చెప్పులు విడిచి, మొదలు పక్కన మడమతో నొక్కేది. నేల బిర్రుగా ఉంటే కింద దుంప ఊరినట్టు, మెత్తగా దిగితే ఏమీ లేనట్టు. ఒక ఏడాది నా చేను చూడడానికి దారిన పోయేవాళ్లు ఆగేవారు, అంత ఆకు. లిదియా నొక్కి చూసి, "ఆకు జూసి మురవకు పటేలా, కింద ఏం లేదు" అంది. నవ్వాను. కూలికొచ్చిన మనిషి నాకు చెప్పేదేంటి అనుకున్నాను. తవ్వితే చంటిపిల్లల వేళ్లంత కొమ్ములు. ఆ సాయంత్రం లింగం హోటల్లో కూర్చుని ఏం చెప్పాను? నాకు ముందే తెలుసు, మడమతో నొక్కి చూశాను అని చెప్పాను. ఆమె విద్య నా విద్య చేసుకున్నాను. ఇరవై ఏళ్లు కావస్తోంది, ఇప్పటికీ కొత్తవాళ్లు ఎవరొచ్చినా లింగం చెబుతాడు, "భూమేశ్వరన్న మడిమె పెడితే భూమి చెప్తది" అని. నేను టీ తాగుతూ వింటాను. ఒక్కసారి కూడా కాదనలేదు.

దీక్షిత మొక్కల్లో మొదటిది కార్తీకంలో పీకాను. వెనక వరుసలో, గోడ వైపు మూలన ఉన్నది. ముందు మడమతో నొక్కాను, దిగిపోయింది. ఇసుక కలిపిన మట్టి దిగక ఏం చేస్తుంది. మొదలు పట్టుకుని లాగితే వెంట్రుకల్లాంటి వేళ్లు, అంతే. కొమ్ము లేదు, గడ్డ లేదు. అనుకున్నదే అని మళ్లీ గుంతలో పెట్టి మట్టి కప్పాను. నీళ్లు పోయలేదు, పోయొద్దంది కదా. అక్కడితో ఆగాల్సింది. కానీ పసుపుకు తొమ్మిది నెలలు పడుతుంది, దీనికి నాలుగైనా నిండలేదు, తొందరపడ్డానేమో అనిపించింది. పది రోజులాగి ఇంకొకటి. లావుపాటి దాని కింద ఉంటుందేమో అని ఒక లావుపాటిది. బలమంతా కిందికి దిగి పైన బక్కచిక్కిందేమో అని ఒక బక్కది. పిచ్చివాడు కూడా ఇన్ని తర్కాలు తీయడు. కింద ఏమీ లేదని నిరూపించడానికే పీకుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఉండాలని పీకాను. పల్లికాయంతైనా సరే, గోటితో గిల్లితే రంగు అంటేది ఏదో ఒకటి దాని కింద ఉంటే, దోసిట్లో పట్టుకుపోయి లింగం బల్ల మీద పెట్టి, చూడండి, నా బిడ్డ పండించింది అనేవాణ్ణి. ఆకును మెచ్చుకోవడం నాకు రాదు. ఎవరూ నేర్పలేదు. బిడ్డను మెచ్చుకోవడానికి గడ్డ కోసం వెతికాను, పదకొండు సార్లు.

పీకినవి పీకినట్టే చచ్చాయి. మూడోనాటికి వాలేవి, వారానికి ఎండేవి. దీక్షిత మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కదాన్ని తీసి చూసేది, అప్పటికి వేళ్లు నల్లబడి ఉండేవి. ఫొటో తీసి ఫోన్‌లో పెట్టేది. ఫోన్‌లో డాక్టర్లుంటారు, మట్టి వాసన చూడరు, వేలితో ముట్టరు, ముందు ఆ నేలలో ఏం వేశారని అడుగుతారు. పసుపా, అయితే దుంపకుళ్లు మట్టిలోనే ఉండి వేళ్లకు పట్టింది, అంతే, తేల్చేశారు. ముఖం చూసి రోగం చెప్పే మొనగాళ్లని తిట్టాను. వాళ్లను తిట్టే అర్హత నాకెంత ఉందో నాకొక్కడికే తెలుసు. మందు కలిపి పోసింది, చచ్చిన చోటల్లా సున్నం చల్లింది, రోజూ పొద్దున లేచి ముందు వెనక వరుసకే వెళ్లేది. నేను ఇదే కుర్చీలో కూర్చుని చూశాను. ఈరోజు పొద్దున టీ గ్లాసు పట్టుకుని వచ్చి నా ఎదురుగా గడప మీద కూర్చుంది.

"నువ్వే గెలిసినవ్ బాపూ. మట్టిల్నే రోగమున్నది. ఇయ్యాల కరుణకు గదే చెప్త. పాత హోటలోళ్లు రమ్మంటున్నరు, సోమవారం హైదరాబాద్ పోత."

"చెప్పుడెందుకు? మూడు వరుసలు మంచిగనే ఉన్నయి గద. ఆమెకేమెరుక?" అన్నాను.

"నువ్వయితే దాస్తవా బాపూ?" అంది. గ్లాసు కడగడానికి లేచిపోయింది.

ఇరవై నిమిషాలు తక్కువ నాలుగు. లేచి వెనక వరుస దాకా నడిచాను. ముప్పైలో పదకొండు ఖాళీలు, సున్నం తెల్లగా, పళ్లూడిన నోరులా ఉంది. మిగిలిన పంతొమ్మిది పచ్చగా ఉన్నాయి, ముందు మూడు వరుసలూ పచ్చగా ఉన్నాయి. రోగమైతే పక్కదానికి పాకదా? ఈ మాత్రం ఫోన్ డాక్టర్లకు తట్టలేదు, నా బిడ్డకూ తట్టలేదు, తట్టనివ్వని పని నేను చేశాను, ఎక్కడో ఒకటి, ఎక్కడో ఒకటి పీకి. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. సగం ఎకరం నాకే ఉంటుంది. లింగం హోటల్లో నా మాట నెగ్గుతుంది. సోమవారం దీక్షిత బస్సెక్కుతుంది, ఇంకొకరి వంటింట్లో నిలబడుతుంది, ఆకు పండించబోతే మట్టి పనికిరాలేదని జీవితమంతా చెప్పుకుంటుంది. మట్టికేం రోగం. ముప్పై ఎనిమిదేళ్లు నాకు అన్నం పెట్టిన మట్టి మీద దొంగతనం మోపి నేను దొరలా కూర్చుంటాను. చెబితే? లిదియా బిడ్డ ముందు చెప్పాలి. గడ్డ కోసం ఒరెగానో పీకిన రైతు అని నిజామాబాద్ బేకరీల్లో నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. లిదియా కూడా వింటుంది. మోకాళ్లు పోయి ఇంటిపట్టునే ఉంటోందట. ఆమె నవ్వదు, అదే నాకు మింగుడుపడదు. మంచం మీద కూర్చుని, పటేల్‌కు మడిమె ఉండె గద, పీకుడెందుకు అని నెమ్మదిగా అడుగుతుంది. ఇంతకాలం నేను ఎవరిని చూసి నవ్వాను? కాలేజీలో వంట నేర్చుకున్న పిల్లను చూసి, అంకాపూర్ వాళ్లను చూసి, ఫోన్ డాక్టర్లను చూసి, పడుకుని పెరిగే మొక్కను చూసి. వీళ్లందరిలో ఎవరూ పంట ఆకులో ఉంటే వేళ్లలో వెతకలేదు. గేటు బయట కారు ఆగింది.

కరుణశ్రీకి ముప్పై ఏళ్లు ఉంటాయి, జీన్స్ ప్యాంటు, నల్ల కళ్లద్దాలు నెత్తి మీదికి నెట్టుకుంది. "నమస్తే అంకుల్" అంది. పటేలా అని ఉంటే నాకు తేలికగా ఉండేది, ఈసడించుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. ముందు వరుస దగ్గర కూర్చుని ఒక రెమ్మ తుంచింది, అరచేతిలో నలిపి కళ్లు మూసుకుని వాసన చూసింది. మా మార్కెట్‌లో పసుపు కొనేవాడు కొమ్ము విరిచి అట్లాగే ఆగుతాడు, మాట్లాడకుండా. "గిది ఆకంటే. ఇన్నొద్దులు నేను కొన్నది గడ్డి. మొత్తం నాకే ఇయ్యాలె దీక్షితా" అంది. దీక్షిత నవ్వలేదు.

"ఒక మాట చెప్పాలె కరుణా. వెనుక వరుస సూడు. ఏర్లకు కుళ్లు పట్టింది, మందు పోసిన ఆగుతలేదు. పసుపు పండిన మట్టిల్నే ఉన్నదట. ఇయ్యాల మంచిగున్నది రేపు నీకు ఆకు ఇయ్యలేకపోవచ్చు."

కరుణశ్రీ లేచి వెనక వరుసను, సున్నాన్ని చాలాసేపు చూసింది. చేతిలోని రెమ్మను గోడ మీద పెట్టింది, పారేయకుండా. "గట్లయితే కష్టమే. రోగమని తెలిసి తీసుకుంటే రేపు నన్నడుగుతరు. మంచిగ చెప్పినవ్, నువ్వు కాబట్టి చెప్పినవ్" అని బ్యాగులో కారు తాళం వెతుక్కోసాగింది. దీక్షిత సంచుల కట్ట ఇంకా చంకలోనే పెట్టుకుని ఉంది. నేను కట్టె కింద పడేసి ముందు వరుసకు నడిచాను. మొదటి మొక్క, అన్నిటికంటే గుబురైనది, దీక్షిత ఫొటోల్లో ఎప్పుడూ ముందుండేది. మొదలు పట్టుకుని లాగాను. "బాపూ" అని మాత్రం అంది దీక్షిత. వేళ్లు తెల్లగా, దారాల కుచ్చులా మట్టితో సహా వచ్చాయి. ఇద్దరి ముందూ పట్టుకున్నాను.

"జూడుండ్రి. రోగం లేదు, గీగం లేదు. వెనుకవి నేనే పీకిన. కింద ఏమన్న ఊరిందేమోనని పీకి, మల్ల పెట్టిన. పదకొండు."

కరుణశ్రీ వేళ్లు చూసింది, తర్వాత నన్ను చూసింది, నవ్వు ఆపుకోవడానికి పెదవులు బిగించింది. అది నాకు దక్కవలసిందే. "మీ అమ్మయితే పీకకుండనే చెప్పేది" అన్నాను ఆమెతో. "మడిమె ఆమెది. నాది కాదు."

"తెలుసు అంకుల్" అంది కరుణశ్రీ, తాళం బ్యాగులో వేసుకుంటూ. "అమ్మ ఎప్పుడో చెప్పింది."

దీక్షిత నా చేతిలోంచి మొక్కను తీసుకుంది. "ఏమన్న దొరికిందా?" అని అడిగింది. లేదన్నాను. గుంతలో పెట్టి, వేళ్లతో మట్టి అదిమి, నల్లా దగ్గరికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి మొదట్లో నెమ్మదిగా పోసింది. "పీకి పెట్టినంక నీళ్లు పొయ్యాలె. గంత గూడ ఎరుకలేదా నీకు?" నువ్వే పొయ్యద్దంటివి గదా అన్నాను. నిజంగానే అన్నాను ఆ మాట. తలెత్తి చూసింది. ఆ చూపు నేను ఎరగనిది కాదు. లింగం హోటల్లో పది మంది ముందు సగం ఎకరం పందెం కాస్తూ నేను ఆమెను చూసిన చూపే అది, కాస్త కూడా మారకుండా తిరిగి వచ్చింది, నిలబడి తీసుకోవడం కష్టంగా ఉంది. కరుణశ్రీ గోడ మీది రెమ్మను మళ్లీ చేతిలోకి తీసుకుని, మొదటి కోత ఎప్పుడని ఆమెను అడుగుతోంది. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "రోడ్డు పక్క సగం ఎకరం రేపే కొలిపిస్త" అన్నాను.

"కొలిపియ్యి" అంది దీక్షిత, చెంబులో మిగిలిన నీళ్లు ఒంపుతూ. "కని అండ్ల నువ్వు కాలు పెట్టద్దు బాపూ. మడిమె గూడ."

సరే అన్నాను. కింద పడేసిన కట్టె తీసి ఆమె చేతికిచ్చి, లోపలికి వచ్చాను.